చెవికి అందే మాన్యువల్: సాఫ్ట్‌వేర్ డాక్యుమెంటేషన్‌ను అందరూ చదవగలిగేలా తయారుచేయడం

గుంటూరు బ్రాడీపేటలోని ఒక చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో మాన్యువళ్లు రాయడం నా పని. మిర్చి కోల్డ్ స్టోరేజీల లెక్కలు చూసే సాఫ్ట్‌వేర్ మాది. ఏ రైతు ఎన్ని టిక్కీలు (మిర్చి బస్తాలు) దించాడు, ఏ లాటు ఏ ఛాంబరులో ఉంది, అద్దె ఎంతయింది అనేవన్నీ అందులో నమోదవుతాయి. కొన్నేళ్ల కిందట ఒక కోల్డ్ స్టోరేజీలో లెక్కలు రాసే ఆయన మాకు ఫోన్ చేశారు. ఆయనకు చూపు లేదు. తెరపై ఉన్నదాన్ని చదివి వినిపించే స్క్రీన్ రీడర్ సాయంతో కంప్యూటర్ వాడతారు. "సార్, సాఫ్ట్‌వేర్ బాగానే పలుకుతోందండీ, మీ పుస్తకమే పలకడం లేదు. ఏ పేజీకి వెళ్లినా గ్రాఫిక్, గ్రాఫిక్ అంటోంది తప్ప ఒక్క ముక్క రావడం లేదు" అన్నారు. ఆ మాన్యువల్‌ను నేను అరవైకి పైగా స్క్రీన్‌షాట్లతో, ప్రతి బొమ్మ మీదా ఎర్ర బాణాలతో ఎంతో శ్రద్ధగా తయారుచేశాను. చెప్పవలసినదంతా ఆ బొమ్మల్లోనే ఉంది, వాటి కింద "ఇక్కడ నొక్కండి" అన్న రెండు మాటలు తప్ప మరేమీ లేదు. ఆ రోజు ఆయనకు కావలసిన పేజీని నేను ఫోన్‌లోనే చదివి వినిపించాను. ఆ మాన్యువల్‌ను మొదటినుంచీ తిరగరాస్తూ నేర్చుకున్న పద్ధతినే ఇక్కడ వివరిస్తున్నాను.

ఇది చూపు లేనివారికి మాత్రమే సంబంధించిన విషయం కాదు. శుక్లాలతో అక్షరాలు మసకగా కనిపించే పెద్ద వయసు గుమాస్తా, చెయ్యి విరిగి మౌస్ పట్టుకోలేని ఆపరేటర్, వీడియోలోని మాట వినిపించని బధిరులు, యార్డులో నిలబడి ఫోన్ తెరమీదే మాన్యువల్ తెరిచే సూపర్‌వైజరు కూడా మన పాఠకులే. వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది, 2017 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. ఎలక్ట్రానిక్ మాధ్యమాల్లోని సమాచారం వికలాంగులకు అందే రూపంలో ఉండేలా ప్రభుత్వాలు చర్యలు తీసుకోవాలని ఆ చట్టంలోని 42వ సెక్షన్ చెబుతోంది. సాంకేతిక కొలమానాల విషయంలో ప్రపంచమంతటా అనుసరించేది వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్టియం రూపొందించిన వెబ్ కంటెంట్ యాక్సెసిబిలిటీ గైడ్‌లైన్స్. వాటి 2.2 సంచిక 2023 అక్టోబరులో వెలువడింది. అందులో ఏ, డబుల్ ఏ, ట్రిపుల్ ఏ అని మూడు స్థాయులున్నాయి. డాక్యుమెంటేషన్ రాసేవారు డబుల్ ఏ స్థాయిని లక్ష్యంగా పెట్టుకుంటే సరిపోతుంది.

ఏ ఫార్మాట్‌లో ఇవ్వాలి

పుస్తకమంతా రాసి ముగించిన తరువాత ఫార్మాట్ గురించి ఆలోచించడం మనలో చాలామందికి ఉన్న అలవాటు. వర్డ్‌లో కంటికి ఇంపుగా పేర్చి, చివరికి పీడీఎఫ్ చేసి పంపుతాం. ఆ క్రమాన్ని తిరగవేయాలి. ముందుగా నిర్మాణం ఉన్న మూలప్రతి ఒకటి ఉండాలి, మిగిలిన ఫార్మాట్లన్నీ దానిలోనుంచే పుట్టాలి. నిర్మాణం అంటే ఇది శీర్షిక, ఇది పేరా, ఇది జాబితా, ఇది పట్టిక అని కంప్యూటర్‌కు కూడా తెలిసేలా గుర్తు పెట్టడం. మార్క్‌డౌన్, ఆస్కీడాక్, రీస్ట్రక్చర్డ్‌టెక్స్ట్ వంటి సాదా పాఠ్యపు పద్ధతుల్లో రాసినా, వర్డ్ లేదా లిబ్రెఆఫీస్‌లో స్టైళ్లను నిజాయతీగా వాడినా ఈ పని జరుగుతుంది. పాండాక్ అనే ఉచిత సాధనం ఒకే మార్క్‌డౌన్ ప్రతిని హెచ్‌టీఎమ్‌ఎల్‌గా (వెబ్ పేజీగా), ఈపబ్‌గా (ఈ-పుస్తకంగా), వర్డ్ ఫైలుగా మార్చి ఇస్తుంది.

వీటిలో హెచ్‌టీఎమ్‌ఎల్‌ను అసలు ప్రతిగా, తక్కిన వాటిని అనుబంధాలుగా ఎంచుకోవాలని నా గట్టి అభిప్రాయం. హెచ్‌టీఎమ్‌ఎల్ పేజీలోని వాక్యాలు తెర వెడల్పును బట్టి తమంతట తామే సర్దుకుంటాయి. చదివేవారు అక్షరాలను రెట్టింపు చేసుకున్నా, నల్లని నేపథ్యంలో తెల్లని అక్షరాలు పెట్టుకున్నా పేజీ చెదరదు. బ్రెయిల్ డిస్‌ప్లే మీద వేళ్లతో చదివేవారికి కూడా అదే పాఠం నేరుగా అందుతుంది. ఏ4 పీడీఎఫ్‌ను ఫోన్‌లో చదివేవారు మాత్రం ప్రతి వాక్యానికీ తెరను అటూ ఇటూ జరుపుకోవలసి వస్తుంది. ఇంటర్నెట్ సరిగా అందని గోదాముల కోసం మేము అదే హెచ్‌టీఎమ్‌ఎల్‌ను ఒక జిప్ ఫైలుగా సాఫ్ట్‌వేర్‌తోపాటు ఇస్తున్నాం. ఫోన్‌లో పుస్తకంలా చదవాలనుకునేవారికి ఈపబ్ ఉంది. దాని లోపల ఉన్నదీ హెచ్‌టీఎమ్‌ఎల్ కుటుంబమే కాబట్టి మనకు అదనపు శ్రమ ఏమంత ఉండదు.

శీర్షికలు

బ్రాడీపేటలో 4/14 అని చిరునామా చెబితే నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు అని ఊరికి కొత్తగా వచ్చిన ఆటో డ్రైవరుకు కూడా అర్థమవుతుంది. ముందు లైను, తరువాత అడ్డరోడ్డు, ఆ తరువాత ఇల్లు. శీర్షికలు కూడా ఇదే క్రమంలో ఉండాలి. పుస్తకం పేరుకు మొదటి స్థాయి, అధ్యాయానికి రెండో స్థాయి, అందులోని పనికి మూడో స్థాయి వాడాలి. అక్షరాలు కాస్త చిన్నవిగా కనిపిస్తాయని రెండో స్థాయి నుంచి నేరుగా నాలుగో స్థాయికి దూకడం అంటే లైను నంబరు చెప్పకుండా అడ్డరోడ్డు నంబరు మాత్రమే చెప్పినట్టు. అక్షరాల పరిమాణాన్ని స్టైల్‌షీటులో మార్చుకోవాలి తప్ప స్థాయిని మార్చకూడదు.

మామూలు పేరాను బోల్డ్ చేసి, అక్షరాలు పెద్దవి చేసి శీర్షికలా కనిపించేటట్టు పెట్టడం మరో పొరపాటు. కంటికి అది శీర్షికే, స్క్రీన్ రీడర్‌కు మాత్రం అది మరో పేరా. విండోస్‌లో ఉచితంగా దొరికే ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్‌లో హెచ్ మీట నొక్కితే తరువాతి శీర్షికకు, 2 నొక్కితే తరువాతి రెండో స్థాయి శీర్షికకు వెళ్లవచ్చు. మనం పేజీని కళ్లతో తిరగేసి కావలసిన చోట ఆగినట్టే వారు ఆ మీటలతో పుస్తకాన్ని తిరగేస్తారు. శీర్షికలు దొంగవైతే నూట యాభై పేజీలను మొదటినుంచి చివరిదాకా వినడం తప్ప వారికి మరో దారి ఉండదు.

లింకులు కూడా ఇలాంటివే. స్క్రీన్ రీడర్ వాడేవారు చాలాసార్లు పేజీలోని లింకులన్నింటినీ ఒక జాబితాగా తెరుచుకుంటారు. "ఇక్కడ నొక్కండి" అని పన్నెండుసార్లు వినిపిస్తే ఏది ఎక్కడికి తీసుకువెళుతుందో తెలియదు. "అద్దె రసీదు ముద్రించడం" అని లింకు మాటల్లోనే గమ్యం చెప్పాలి. లింకు నొక్కితే ఫైలు దిగేటట్టయితే, అది పీడీఎఫ్ అనీ, దాని పరిమాణం ఇంతనీ అక్కడే తెలపాలి.

తెలుగుకు మాత్రమే ఉన్న చిక్కులు

ఈ విషయం మీద తెలుగులో రాసేవారు తక్కువ కాబట్టి ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను. విజయవాడ, గుంటూరు డీటీపీ కేంద్రాల్లో పుస్తకాలు కూర్చడానికి ఏళ్ల తరబడి వాడిన ఫాంట్లు చాలావరకు, ప్రతి అక్షరానికీ ఒక స్థిరమైన సంఖ్య ఇచ్చే అంతర్జాతీయ ప్రమాణమైన యూనికోడ్‌కు చెందినవి కావు. వాటిలో తెరమీద "క" అని కనిపించే అక్షరం కంప్యూటర్ లోపల ఏదో ఒక ఇంగ్లీషు అక్షరంగానో, చిహ్నంగానో నిల్వ ఉంటుంది. ఫాంట్ కప్పిన ముసుగు వల్ల మన కంటికి తెలుగు కనిపిస్తుంది, స్క్రీన్ రీడర్ మాత్రం ముసుగు లోపలి ఇంగ్లీషు అక్షరాలను అర్థం లేకుండా గొణుగుతుంది. యూనికోడ్‌లో తెలుగుకు 1991 నాటి మొదటి సంచిక నుంచే 0సీ00 మొదలు 0సీ7ఎఫ్ వరకు సొంత స్థానం ఉంది. ప్రెస్సు నుంచి వచ్చిన పాత ఫైలును మాన్యువల్‌లో చేర్చే ముందు ఒక పేరాను కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో అతికించి చూడండి. అక్కడ తెలుగు కనిపించకపోతే ముందుగా దాన్ని యూనికోడ్‌లోకి మార్పించి, ఒక మనిషి కూర్చుని అక్షరం అక్షరం సరిచూడాలి. మార్పిడి సాధనాలు ఒత్తుల దగ్గర తరచూ తడబడతాయి.

యూనికోడ్‌లోనే రాసినా, పీడీఎఫ్ చేయగానే మరో చిక్కు ఎదురవుతుంది. పీడీఎఫ్ దాచుకునేది ప్రధానంగా అక్షరాల ఆకారాలనూ, అవి పేజీలో ఎక్కడ నిలబడాలన్న లెక్కనూ. "స్త్రీ" వంటి సంయుక్తాక్షరంలో ఆకారాలు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. ఏ ఆకారం ఏ యూనికోడ్ అక్షరాలకు చెందుతుందో ఫైలులో సరిగా రాసి లేకపోతే వత్తు ముందుకు రావడం, గుడి మాయమవడం జరుగుతుంది. నోట్‌ప్యాడ్ పరీక్ష ఇక్కడ కూడా పనికొస్తుంది. పీడీఎఫ్ నుంచి ఒక వాక్యం కాపీ చేసి అతికిస్తే అది చెదిరి వచ్చిందంటే, స్క్రీన్ రీడర్‌కు వినిపించేదీ ఆ చెదిరిన వాక్యమే. తెలుగు మాన్యువల్‌ను పీడీఎఫ్‌గా మాత్రమే ఇవ్వకూడదని నేను పట్టుబట్టడానికి మొదటి కారణం ఇదే.

పీడీఎఫ్ తప్పనిసరి అయినప్పుడు అది ట్యాగులున్న (ఏది శీర్షిక, ఏది పేరా అన్న గుర్తులు లోపల ఉన్న) పీడీఎఫ్ కావాలి. అందరూ చదవగలిగే పీడీఎఫ్‌లకు ఐఎస్ఓ 14289 అనే ప్రమాణం 2012లో వచ్చింది, దాన్నే పీడీఎఫ్/యూఏ అంటారు. లిబ్రెఆఫీస్‌లో పీడీఎఫ్‌గా ఎగుమతి చేసే పెట్టెలో దీనికి ప్రత్యేకంగా ఒక ఎంపిక ఉంది. వర్డ్‌లో సేవ్ యాజ్ ద్వారా పీడీఎఫ్ చేస్తూ, ఆప్షన్స్‌లో డాక్యుమెంట్ స్ట్రక్చర్ ట్యాగ్స్ అన్న గడిలో టిక్కు ఉందో లేదో చూడాలి. ప్రింట్ ఆదేశం ద్వారా పీడీఎఫ్ చేస్తే మూలప్రతిలో మీరు శ్రద్ధగా పెట్టిన శీర్షికలన్నీ ట్యాగులు లేని వట్టి గీతలైపోతాయి. కాగితాన్ని స్కాన్ చేసి చేసిన పీడీఎఫ్ అయితే అది బొమ్మల దొంతర, దానిలో చదవడానికి అక్షరమే ఉండదు.

మూడో చిక్కు భాషను గుర్తించడం. హెచ్‌టీఎమ్‌ఎల్ మొదటి ట్యాగులో ల్యాంగ్ అనే లక్షణం ఉంటుంది. తెలుగు పేజీకి అందులో టీ, ఈ అనే రెండక్షరాల కోడు ఇవ్వాలి. చాలా టెంప్లేట్లలో అక్కడ ఇంగ్లీషు కోడు ముందే ఉంటుంది, దాన్ని ఎవరూ మార్చరు. అప్పుడు తెలుగు వాక్యాన్ని ఇంగ్లీషు గొంతుతో చదవడానికి ప్రోగ్రాము ప్రయత్నించి విఫలమవుతుంది. ఎన్‌వీడీఏతోపాటు వచ్చే ఈస్పీక్ గొంతుకు తెలుగు వచ్చు, అది తెలుగని మనం చెప్పాలి. సాఫ్ట్‌వేర్ తెరపై ఇంగ్లీషులో ఉన్న బటన్ పేర్లను మాన్యువల్‌లోనూ అదే లిపిలో, అదే స్పెల్లింగుతో రాసి, ఆ మాటల వరకు ఇంగ్లీషు కోడు తగిలించాలి. మాన్యువల్‌లో విన్న మాట, సాఫ్ట్‌వేర్‌లో విన్న మాట ఒకటే అయితేనే వినేవారు బటన్‌ను గుర్తుపట్టగలరు.

ఇంకొక చిన్న విషయం. "సాఫ్ట్‌వేర్" వంటి మాటలో వత్తు పడకుండా ఉండడానికి మధ్యలో కంటికి కనిపించని ఒక అక్షరాన్ని వాడతాం. కొందరు దాన్ని పెడతారు, కొందరు పెట్టరు. పుస్తకంలో రెండు రూపాలూ ఉంటే, ఒకటి వెతికినవారికి కొన్ని ప్రోగ్రాముల్లో రెండోది దొరకదు. మేము మాటల పట్టిక ఒకటి పెట్టుకుని ప్రతి అరువు మాటకూ ఒకే రూపం నిర్ణయించుకున్నాం. వరుసల మధ్య ఎడం కూడా గుర్తుంచుకోవాలి. పైన గుడులు, కింద ఒత్తులు ఉన్న తెలుగుకు ఇంగ్లీషు కోసం పెట్టిన ఎడం చాలదు. అక్షరం ఎత్తుకు ఒకటిన్నర రెట్లకు తగ్గకుండా ఇవ్వాలి, నేనైతే 1.7 పెడతాను.

బొమ్మలు, రంగులు, పట్టికలు

స్క్రీన్‌షాట్లు తీసేయమని నేను చెప్పడం లేదు. అవి చూసేవారికి ఎంతో ఉపయోగం. అయితే బొమ్మను పూర్తిగా తొలగించి చదివినా పని జరిగేలా వాక్యాలుండాలి. మా పాత మాన్యువల్‌లో సరుకు రాక నమోదు చేసే తెర బొమ్మ కింద "చిత్రం 14: ఎంట్రీ స్క్రీన్" అని మాత్రమే ఉండేది. ఇప్పుడు అక్కడ ఇలా ఉంది: "సరుకు రాక తెర తెరుచుకోగానే కర్సర్ లాటు నంబరు గడిలో ఉంటుంది. నంబరు టైపు చేసి ట్యాబ్ నొక్కితే రైతు పేరు గడికి, మళ్లీ ట్యాబ్ నొక్కితే టిక్కీల సంఖ్య గడికి వెళ్తారు. సంఖ్య నింపి ఎంటర్ నొక్కితే రసీదు సిద్ధమవుతుంది." ఈ వాక్యాలు ఉన్నప్పుడు బొమ్మకు ఇచ్చే ఆల్ట్ టెక్స్ట్ (బొమ్మ బదులు స్క్రీన్ రీడర్ చదివే వివరణ) పొడవుగా ఉండనక్కర లేదు. "లాటు నంబరు, రైతు పేరు, టిక్కీల సంఖ్య గడులు నింపి ఉన్న సరుకు రాక తెర" అంటే చాలు. అలంకారం కోసం పెట్టిన గీతలకూ, గుర్తులకూ ఆల్ట్‌ను ఖాళీగా ఉంచాలి. ఆ లక్షణాన్నే రాయకుండా వదిలేస్తే కొన్నిచోట్ల ఫైలు పేరు వినవలసి వస్తుంది. ఎర్రర్ సందేశాలనూ, కోడునూ, ఆదేశాలనూ ఎప్పుడూ బొమ్మగా పెట్టకూడదు. వాటిని కాపీ చేసుకునే హక్కు చూపు ఉన్నవారికీ ఉంది.

"కుడివైపు పైమూల ఉన్న ఆకుపచ్చ బటన్" అని రాసినప్పుడు ఆ బటన్ పేరు కూడా తప్పక రాయాలి. "రైట్ క్లిక్ చేయండి" అన్నచోట షిఫ్ట్, ఎఫ్10 కలిపి నొక్కితే విండోస్‌లో అదే మెనూ వస్తుందని జోడించాలి. బాకీలు ఎరుపులో, జమలు ఆకుపచ్చలో చూపించే పట్టికలో ఆ రంగుతోపాటు "బాకీ", "జమ" అనే మాటలు ఉండాలి. అక్షరానికీ నేపథ్యానికీ మధ్య వెలుగు తేడా (కాంట్రాస్టు) మామూలు అక్షరాలకు కనీసం 4.5:1, పెద్ద అక్షరాలకు 3:1 ఉండాలన్నది డబుల్ ఏ నియమం. తెల్లని పేజీ మీద #777777 అనే బూడిద రంగు 4.48 దగ్గర ఆగి ఈ నియమాన్ని తప్పుతుంది, #767676 నెగ్గుతుంది. అంచు మీద నిలబెట్టే బదులు ఇంకా ముదురు రంగు వాడమని నా సలహా.

పట్టికలో మొదటి వరుసను శీర్షిక వరుసగా ప్రకటించాలి. అలా చేస్తే గడి నుంచి గడికి కదిలినప్పుడు "టిక్కీలు, 120" అని నిలువు వరుస పేరుతో కలిపి వినిపిస్తుంది, చేయకపోతే ఉత్త 120 మాత్రమే వినిపిస్తుంది. గడులను కలపడం మానాలి. పేజీని రెండు భాగాలుగా పేర్చుకోవడానికి పట్టికను వాడనే కూడదు.

వీడియో పాఠాలకు క్యాప్షన్లు కావాలి. వాటిని యంత్రానికే వదలకుండా తెలుగు తెలిసిన మనిషి సరిదిద్దాలి. వీడియోలో "ఇది నొక్కి, ఇలా చేయండి" అనకుండా ప్రతి బటన్ పేరూ పైకి చెబితే సగం పని అయినట్టే.

చెవితో సరిచూడడం

వర్డ్‌లో రివ్యూ ట్యాబ్ కింద ఉన్న యాక్సెసిబిలిటీ చెకర్ వంటి సాధనాలు ఆల్ట్ లేని బొమ్మలను పట్టుకుంటాయి. ఆ ఆల్ట్‌లో రాసింది పనికొచ్చే మాటో కాదో అవి చెప్పలేవు. అందుకని ప్రతి విడుదలకు ముందు ఒక గంట కేటాయించండి. ఎన్‌వీడీఏను దింపుకుని, మౌస్ పక్కన పెట్టి, మాన్యువల్‌లో ఏదో ఒక పని ఎంచుకుని మీటలతోనే ఆ పేజీ చేరుకోండి. ఇన్సర్ట్, ఎఫ్7 కలిపి నొక్కితే శీర్షికలు, లింకుల జాబితా వస్తుంది. ఆ జాబితా ఒక్కటే విన్నా పుస్తకం రూపం తెలిసేలా ఉందో లేదో గమనించండి. తరువాత ఆ పనిని కేవలం విన్నదాని ఆధారంగా సాఫ్ట్‌వేర్‌లో చేయండి. గొంతు వేగానికి అలవాటు పడేవరకు ఎన్‌వీడీఏ ఉపకరణాల (టూల్స్) మెనూలోని స్పీచ్ వ్యూయర్ తెరిచి పెట్టుకుంటే పలికిన మాటలు అక్షరాల్లో కూడా కనిపిస్తాయి. ఫోన్‌లోనైతే ఆండ్రాయిడ్‌లో టాక్‌బ్యాక్‌తో, ఐఫోన్‌లో వాయిస్‌ఓవర్‌తో ఇదే పరీక్ష చేయవచ్చు. చివరగా బ్రౌజరులో అక్షరాలను రెండింతలు చేసి, ఏ వాక్యమైనా తెగిపోతోందేమో చూడండి.

ఆ తరువాత రోజూ స్క్రీన్ రీడర్‌తోనే పనిచేసే ఒకరి చేత చదివించాలి. మాకు ఫోన్ చేసిన ఆయననే కొత్త మాన్యువల్ విని చూడమని అడిగాం, ఆయన సమయానికి తగిన రుసుము కూడా ఇచ్చాం. శీర్షికలు, పట్టికలు, బటన్ పేర్లు అన్నీ సరిగానే ఉన్నాయన్నారు. "ఒక్క మాట సార్, సంవత్సరాంతపు లెక్క మూసే చోట, బటన్ నొక్కమని చెప్పి, నొక్కాక వెనక్కి తీసుకోలేరని తరువాత చెబుతున్నారు. మీకు ఆ ఎర్ర పెట్టె ముందే కంటపడుతుంది. నాకు ఆ మాట చెవిన పడేసరికి నా వేలు ఎంటర్ మీద పడిపోయి ఉంటుంది కదండీ" అన్నారు. ఆ మధ్యాహ్నమే మాన్యువల్‌లోని హెచ్చరికలన్నీ వెతికి తీశాం. పద్దెనిమిది ఉన్నాయి, వాటిలో పదకొండు చేయవలసిన పని తరువాతే ఉన్నాయి. వాటిని ఒక్కొక్కటిగా పనికి ముందున్న వాక్యంలోకి మార్చి, "హెచ్చరిక" అన్న మాటతోనే మొదలయ్యేలా రాసి, ఫైలును తిరిగి ఆయనకే పంపాం.